రంగు పడుద్దా?

ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాక మనసు పచ్చ మీదికి మళ్లితే ఏం చేయాలి? షీటు చుట్టించాలా, పెయింట్ కొట్టించాలా, ఉన్నదాన్నే కడిగి తుడుచుకుని తోలుకోవాలా? హైదరాబాద్ షెడ్డులో మొదలై న్యూయార్క్ వేలంపాట దాకా సాగే పంచాయితీ ఇది.

ట్యూబ్‌లైటు వెలుతురులో ఆ ముక్క నల్లగా కనబడుతోంది. అరచేయంత వినైల్ షీటు. ఎర్ర మస్టాంగ్ బానెట్ మీద నీళ్లు చల్లి దాన్ని అంటించాడు షెడ్డు కుర్రాడు.

"పచ్చ అంటివి గదరా. ఇది నల్లగ కొడుతుంది" అన్నాడు పెద్దాయన. సూర్యాపేట వైపు మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ మూడోసారి తిరుగుతున్నాడు.

కొడుకు మాట్లాడకుండా సీట్లో కూచుని స్టార్ట్ చేశాడు. ఐదు లీటర్ల వీ8 ఇంజిన్ ఒక్కసారి గొంతు సవరించుకునేసరికి పక్క షెడ్డులో చాయ్ తాగుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు. బండి మెల్లగా ఎండలోకి వచ్చింది. అప్పుడు బయటపడింది పచ్చ. నీడలో ఆచూకీ లేని రంగు ఎండలో నిగనిగలాడుతోంది.

"అయినా ఈ ఎరుపుకేమైంది? పెండ్లికి పోతే ఎంత దూరంకెళ్లైనా మన బండి అని తెలుస్తది."

"అందుకే మారుస్తున్న నాన్నా. అందరికీ తెలుస్తుంది."

షెడ్డు యజమాని పాతబస్తీ మనిషి. తండ్రీకొడుకుల వాదన అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు డ్రైవర్ వైపు తలుపు బార్లా తెరిచాడు. తలుపు అంచులు, బిజాగరీల చుట్టూ, కాలు పెట్టే గడప, అంతా ఎరుపే. "భాయ్, పైన మీరు చెప్పిన రంగు వేస్తాం. లోపలేం చేద్దాం? ఇట్లనే వదిలేస్తే బయట పచ్చ, తలుపు తీస్తే ఎరుపు. పుచ్చకాయ లెక్క ఉంటది."

పెద్దాయన పకపకా నవ్వాడు. కొడుక్కి నవ్వు రాలేదు. ఆ పూట బుకింగ్ కాలేదు.

కొన్నప్పుడు ఎంచుకోలేదు గనక

ఇలాంటి బేరాలు ఇప్పుడు నగరంలో మామూలైపోయాయి. ఆదివారం పొద్దున్నే అవుటర్ రింగు రోడ్డు మీదికి వెళ్తే ఏ కంపెనీ క్యాటలాగులోనూ లేని రంగుల్లో కార్లు కనిపిస్తాయి. మెరుపు లేని బూడిద రంగు, బిస్కెట్ రంగు, చూసే కోణాన్ని బట్టి ఊదా నుంచి నీలానికి మారే రంగు. షీటు ఊడదీసే వీడియోలు, అంటించే వీడియోలు ఫోన్లలో లక్షల మంది చూస్తున్నారు. చూసినవాళ్లలో కారున్న ప్రతివాడూ ఓసారి కిందికి దిగి పార్కింగ్‌లో తన బండి వంక చూసుకుంటాడు.

ఎందుకు మార్చాలనిపిస్తుంది? బోర్ కొట్టింది అంటారు. నాకు మాత్రం అసలు కారణం అంతకంటే ముందే ఉందనిపిస్తుంది. మన దగ్గర స్పోర్ట్స్ కారు కొనేవాళ్లలో చాలామంది మొదటిసారి రంగును ఎంచుకోనే ఎంచుకోరు. దొరికింది తీసుకుంటారు.

మస్టాంగ్‌నే తీసుకోండి. 2016లో ఫోర్డ్ దాన్ని 65 లక్షల ఎక్స్‌షోరూం ధరతో మన దేశానికి తెచ్చింది. 2021లో ఆ కంపెనీ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పట్లో అమ్ముడైన కొద్ది బండ్లే ఇప్పుడు చేతులు మారుతున్నాయి. అలాంటి కారు కోసం వెతికేవాడు ముందు కిలోమీటర్లు చూస్తాడు, తర్వాత సర్వీసు రికార్డు, యాక్సిడెంట్ అయిందా లేదా, రేటు. ఇవన్నీ కుదిరిన బండి బెంగళూరులోనో కొచ్చిలోనో దొరికిందనుకోండి. అది ఎర్రగా ఉంటే ఎరుపు, పచ్చగా ఉంటే పచ్చ. రంగు నచ్చలేదని వదులుకుంటే ఇంకో ఏడాది వెతకాలి. వేరే స్పోర్ట్స్ కారు కొత్తది బుక్ చేసేవాళ్లకి కూడా, కోరిన రంగు విదేశాల నుంచి రావాలంటే నెలల నిరీక్షణ. డీలర్ దగ్గర తయారుగా ఉన్నది వారంలో ఇంటి ముందుంటుంది.

ఇక ఇంట్లోవాళ్లు. తెలుపైతే మళ్లీ అమ్మేటప్పుడు రేటొస్తుందని బావమరిది. నలుపు శని రంగని అత్తగారు. రాశిని బట్టి నీలం కలిసొస్తుందని పేపర్లో చదివిన బాబాయి. 9999 నంబరు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పాడినవాడు కూడా రంగు దగ్గరికి వచ్చేసరికి పదిమంది మాట వింటాడు. నంబరు దేవుడి లెక్క, రంగు మాత్రం అందరి లెక్క. అలా వచ్చిన రంగుతో రెండేళ్లు తిరిగాక, అప్పుడు తన ఇష్టం ఏమిటో మెల్లగా గుర్తుకొస్తుంది. షెడ్డుకొచ్చే చాలామంది మారుస్తున్నది రెండో రంగు కాదు, వాయిదా పడ్డ మొదటి రంగు.

అసలు ఎరుపెందుకు?

పిల్లాడికి క్రేయాన్లిచ్చి స్పోర్ట్స్ కారు గీయమంటే ఎర్రదే గీస్తాడు. 2002లో మైకేల్ షుమాకర్ చేతుల మీదుగా సచిన్ టెండూల్కర్‌కి అందిన ఫెరారీ 360 మోడెనా ఎర్రదే. ఆ కారు మీద దిగుమతి సుంకం మాఫీ గురించి దేశమంతా కొట్టుకున్న రోజుల్లో కూడా, కారు ఎందుకు ఎర్రగా ఉందని ఒక్కరూ అడగలేదు. ఫెరారీ అంటే ఎరుపే అని మనకు ఎప్పుడో స్థిరపడిపోయింది.

నిజానికి ఆ ఎరుపు ఫెరారీది కాదు, ఇటలీది. కారు రేసులు దేశాల మధ్య పోటీలుగా మొదలైన కాలంలో, ఏ దేశపు బండి ఏదో దూరం నుంచి తెలియడానికి రంగులు పంచుకున్నారు. ఫ్రాన్సుకి నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియానికి పసుపు, ఇటలీకి ఎరుపు. 1903లో గోర్డన్ బెనెట్ కప్ రేసు జరిపే బాధ్యత బ్రిటన్ మీద పడింది. అప్పట్లో బ్రిటన్ రోడ్ల మీద పందేలకు చట్టం ఒప్పుకునేది కాదు. ఐర్లండ్‌లో ప్రత్యేక చట్టం చేసి అక్కడి రోడ్ల మీద పెట్టారు. ఆతిథ్యమిచ్చిన ఐర్లండ్ మీద గౌరవంతోనే బ్రిటిష్ కార్లు ఆకుపచ్చ కట్టుకున్నాయని చెబుతారు. సూర్యాపేట పెద్దాయన ముందు ఎండలో మెరిసిన పచ్చకు దూరపు చుట్టం అదే.

జర్మనీ తెలుపు వెండి రంగుగా మారడం వెనుక అంతకంటే మంచి కథ ఉంది. 1934లో రేసు కార్ల బరువు 750 కిలోలు మించకూడదని నిబంధన. నూర్బర్గ్‌రింగ్‌లో రేసు ముందు తూకం వేస్తే మెర్సిడెస్ ఒక కిలో ఎక్కువ తూగిందట. రాత్రికి రాత్రి తెల్ల పెయింటు గీకేశారు, అడుగున ఉన్న అల్యూమినియం బయటపడింది, మర్నాడు ఆ వెండి కారే గెలిచింది. జట్టు మేనేజర్ ఆల్ఫ్రెడ్ నోయ్‌బావర్ తన జ్ఞాపకాల్లో చెప్పిన కథ ఇది. ఆ కాలపు రికార్డుల్లో ఆధారం లేదని చరిత్రకారులు కొట్టిపారేస్తారు. గెలిచిన మాట మాత్రం నిజం. పెయింటు గీకిన కథ అబద్ధమైనా కంపెనీవాళ్లు దాన్ని వదులుకుంటారా!

ఎరుపుకే అంకితమైన ఎంజో ఫెరారీ కూడా ఓసారి అలిగి రంగు మార్చేశాడు. 1964లో ఇటలీ మోటారు రేసుల పెద్దలతో ఆయనకు తగవొచ్చింది. ఇక ఇటలీ రంగులో నా కార్లు పరుగెత్తవన్నాడు. ఆ ఏడాది చివరి రెండు రేసుల్లో, అమెరికాలోనూ మెక్సికోలోనూ, ఫెరారీలు నీలం తెలుపుల్లో దిగాయి. ఆ రంగుల్లోనే జాన్ సర్టీస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కోపం చల్లారాక మళ్లీ ఎరుపే.

1990ల మొదట్లో అమ్ముడైన ఫెరారీల్లో నూటికి 85 దాకా ఎర్రవేనని అంటారు. ఇప్పుడది సగానికంటే తక్కువకు పడిపోయింది. ఎరుపు మీద విసుగొచ్చింది మన మస్టాంగ్ కుర్రాడికి ఒక్కడికే కాదన్నమాట.

> నలుపు తప్ప అన్నీ!
> "ఏ రంగైనా తీసుకోండి, అది నలుపైతే చాలు" అన్న ధోరణికి హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారు పేరుపడింది. 1908లో అది మార్కెట్లోకి వచ్చినప్పుడు మాత్రం నలుపు దొరికేదే కాదు. ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో అమ్మారు. 1914 నుంచి 1925 దాకా నలుపొక్కటే మిగిలింది. తర్వాత మళ్లీ రంగులొచ్చాయి.

పెయింటు కింద ఏముంది?

ఇక డబ్బులు పెట్టే దగ్గరికి వద్దాం. పెయింట్ కొట్టించడమా, షీటు చుట్టించడమా అన్నదే ఈ నిర్ణయంలో సగం.

ఫ్యాక్టరీలో కారుకి రంగేసేటప్పటికి అది ఇంకా కారు కాదు. సీట్లుండవు, వైర్లుండవు, అద్దాలుండవు. ఒట్టి లోహపు డొల్ల. దాన్ని తొట్టెలో ముంచి కరెంటు సాయంతో తుప్పు పట్టని పూత పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన గాజులా ఉండే క్లియర్ కోట్. ఒక్కో దశలో ఓవెన్‌లో కాలుస్తారు. క్లియర్ కోట్ కాలేది 140 డిగ్రీల దగ్గర. అన్ని పొరలూ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటర్లో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. బయటి భాగాలన్నిటి మీదా దాదాపు అదే మందం.

ఇదే కారు పదేళ్ల తర్వాత పెయింటింగ్ షెడ్డుకి వెళ్తే 140 డిగ్రీల మాటే ఎత్తకూడదు. బంపర్లు ప్లాస్టిక్‌వి, తలుపుల నిండా వైర్లు, మోటార్లు, లోపల తోలు సీట్లు. అందుకే బయట వాడే పెయింట్లు 60, 70 డిగ్రీల వేడికే గట్టిపడేలా తయారవుతాయి. పనిమంతుడి చేతిలో అవీ అద్దంలా వస్తాయి, కాదనను. ఫ్యాక్టరీ పూత మాత్రం రెండోసారి రాదు. పోయింది పోయినట్టే.

అద్దంలా రావాలంటే పని కూడా అలాగే ఉండాలి. అద్దాలు, లైట్లు, హ్యాండిళ్లు, రబ్బర్లు, లోగోలు అన్నీ విప్పాలి. తలుపులు, డిక్కీ, బానెట్ దించాలి. ఇంజిన్ గది లోపలి గోడలకు కూడా రంగు మార్చాలంటే ఇంజిన్ దించక తప్పదు. అంత పని చేయించేవాళ్లు నూటికి ఒకరు. మిగతావాళ్లు పేపరు, టేపు అంటించి పైపైన కొట్టించేస్తారు. ఏడాది తిరిగేసరికి రబ్బరు అంచుల దగ్గర రంగు పొరలు లేస్తుంది, సందులో నుంచి పాత ఎరుపు తొంగిచూస్తుంది. కొత్త రంగు మెడలో వేసుకుని పాత పేరుతోనే పిలిపించుకుంటుంది బండి.

సెకండ్ హ్యాండ్ కార్లు చూసేవాళ్ల జేబులో ఇప్పుడు ఒక చిన్న మీటరు ఉంటోంది. పెయింటు మీద ఆనిస్తే మందం మైక్రాన్లలో చూపిస్తుంది. 120 దగ్గర ఆగాల్సిన అంకె 300 దాటిందా, కొనేవాడి మొహం మారిపోతుంది. ఇష్టపడి రంగు మార్పించానని మీరెంత చెప్పినా, అతని చెవికి వినబడేది ఒక్కటే: ఎక్కడో గుద్దాడు. వేయికి చేరితే అడుగున పుట్టీ ఉందని అర్థం. లక్షలు పోసి చేయించిన పెయింటు అమ్మేరోజు మీమీద సాక్ష్యం చెబుతుంది.

చుట్టేస్తే పోలా?

అందుకే షీటుకి అంత గిరాకీ. వినైల్ ర్యాప్ అంటే జిగురున్న పలుచటి ప్లాస్టిక్ షీటు. మంచి రకం 80 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. వెనక జిగురులో కంటికి కనబడనంత సన్నటి కాలువలుంటాయి. గాలి బుడగలు ఆ దారిన బయటికి పోతాయి. పీపీఎఫ్ అంటే ఇంకా మందమైన పాలీయురెథేన్ షీటు. రాయి తగిలినా ఓర్చుకుంటుంది, సన్నగీతలు పడితే ఎండ వేడికి తనంతట తానే సర్దుకుంటుంది. మొదట్లో అది రంగులేనిదే దొరికేది, ఇప్పుడు రంగుల్లోనూ వస్తోంది. కారు సైజు, షీటు రకం, షెడ్డు పేరు బట్టి వినైల్‌కి లక్ష అటూ ఇటూ చెబుతున్నారు. రంగు పీపీఎఫ్ అయితే దానికి రెండు మూడింతలు.

పని చూడాలంటే వెనక బంపర్ దగ్గర నిలబడాలి. బానెట్ ఎవరైనా అంటిస్తారు. బంపర్ మీద లోతైన ఒంపులుంటాయి. ఇద్దరు చెరో కొస పట్టుకుని షీటు లాగుతుంటే మూడోవాడు హీట్ గన్‌తో వెచ్చబెడతాడు. వేడికి మెత్తబడి ఒంపులోకి దిగుతుంది. మెత్తబడింది కదా అని ఎక్కువ లాగితే రంగు పలచబడి ఆ చోట తెల్లబారుతుంది. లాగాల్సినంత లాగకపోతే రెండు నెలలకు అదే ఒంపులోంచి పైకి లేస్తుంది. అంచులన్నీ చివరగా మరోసారి బాగా వేడి చేస్తారు. అలా చేయకపోతే షీటు తన పాత ఆకారాన్ని మరిచిపోదు, ముడుచుకోవాలనే చూస్తుంది. అన్నిటికంటే భయపడాల్సింది బ్లేడుకి. కారు మీదే పెట్టి కోసే తొందర మనిషి చేతిలో పడితే, నాలుగేళ్ల తర్వాత షీటు తీసినరోజు అడుగున పెయింటు మీద గీతలు బయటపడతాయి. తెలిసినవాళ్లు దారమున్న టేపు ముందు అంటించి, ఆ దారం లాగి కోస్తారు. షెడ్డు ఎంచుకునేటప్పుడు నన్నడిగితే రేటు తర్వాత, ముందు ఈ టేపు వాడతారా అని అడగండి.

మన ఎండలకు షీటు ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు. అది కూడా నీడ పట్టున పార్క్ చేసేవాళ్లకి. తలుపుల మీద బాగానే ఉంటుంది, ఎండ నిటారుగా పడే బానెట్, పైకప్పు ముందు పాడవుతాయి. గడువు దాటాక కూడా వదిలేస్తే ఎండి పెళుసుబారి, తీసేటప్పుడు గోరంత గోరంత ముక్కలుగా వస్తుంది. రోజుల తరబడి గోకాలి. ఇంకో సంగతి షెడ్డువాళ్లు ముందే చెప్పరు. కారు ఇంతకుముందే ఎక్కడైనా రీపెయింట్ అయి ఉంటే, షీటుతో పాటు ఆ రంగు కూడా ఊడిరావచ్చు. ఫ్యాక్టరీ పెయింటుకి ఆ భయం తక్కువ. సెకండ్ హ్యాండ్ కారుకి ర్యాప్ వేయించేముందు పైన చెప్పిన మీటరు మీరూ ఓసారి ఆనించి చూసుకోవడం మంచిది.

> పిల్లి కారుకి నోటీసు
> కెనడా సంగీతకారుడు డెడ్‌మౌస్ తన ఫెరారీ 458 ఇటాలియాకి ఇంటర్నెట్ పిల్లి బొమ్మ, ఇంద్రధనస్సుతో ర్యాప్ వేయించాడు. ఫెరారీ లోగోలు తీసేసి సొంత లోగోలు పెట్టి 'పురారీ' అని పేరుపెట్టాడు. 2014లో అమ్మకానికి పెడితే కంపెనీ నుంచి లీగల్ నోటీసొచ్చింది. ఆయన షీటు పీకేయించాడు. రంగు కంటే లోగోతో ఆడుకోవడమే కంపెనీలకు ఎక్కువ మండుతుంది.

ఆర్‌సీలో ఏ రంగుంది?

తండ్రీకొడుకులు షెడ్డులో అన్నీ మాట్లాడుకున్నారు గానీ ఈ మాట ఎత్తలేదు. ఆర్‌సీలో రంగుకు ఒక గడి ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన, రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్చాలనుకుంటే రవాణా శాఖలో దరఖాస్తు చేసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఫైనాన్స్ మీద తీసుకున్న బండైతే వాళ్ల రాతపూర్వక సమ్మతి కూడా కావాలి.

"పెయింటు కాదు సార్, స్టిక్కరే" అన్న వాదన షెడ్డులో చెల్లుతుంది. చెకింగ్ దగ్గర నిలబడ్డ ఆయనకు కనబడేది పైనున్న రంగే, చేతిలో ఉన్న కార్డు మీద ఇంకో రంగు. దొంగ బండి కాదని రోడ్డు పక్కన నిలబడి నిరూపించుకోవాల్సింది మీరే. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పి ఉంచితే మేలు. చెప్పకుండా వేయించిన రెండు లక్షల షీటు, బంపర్ పగిలిన రోజు క్లెయిములో ఉండదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు కూడా ఇదే పద్ధతి. రంగు మారిస్తే అక్కడ రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్ఏకి చెప్పి, బండి పత్రంలో మార్పించుకోవాలి. దానికి రుసుం లేదు.

> ఆ పచ్చ మాత్రం వద్దు
> కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే. జీపుకైనా, స్పోర్ట్స్ కారుకైనా ఆ రంగు పెట్టుకునే హక్కు మామూలు మనుషులకు లేదు. సైన్యం లుక్ మీద మోజున్న కుర్రాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

మూడు కార్లు, మూడు తీర్పులు

అమ్మేటప్పుడు విలువ పడిపోతుందన్నదే రంగు మార్చవద్దనేవాళ్ల ప్రధాన ఆయుధం. అది ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు అనడానికి హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ రెండు కార్లు చాలు.

మొదటిది 1968 నాటి 'బుల్లిట్' సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద ఎగిరెగిరి పడిన మస్టాంగ్. హైలాండ్ గ్రీన్ అనే ముదురు పచ్చ. మన కుర్రాడు సూర్యాపేట నాన్నకు చెప్పలేదు గానీ, ఆ షీటు ముక్క వెనకున్నది ఈ సినిమాయే అయ్యుంటుంది. షూటింగ్‌లో వాడిన ఆ కారుని 1974లో ఒకాయన ఆరు వేల డాలర్లకు కొన్నాడు. ఆయన భార్య టీచరు. కొన్నాళ్లు ఆ కారులోనే బడికి వెళ్లొచ్చింది. 1977లో మెక్వీన్ తిరిగి అమ్మమని ఉత్తరం రాశాడు. వాళ్లు ఇవ్వలేదు. దశాబ్దాల పాటు అది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. రంగు వెలిసింది, తుప్పు మచ్చలు పడ్డాయి, డెంట్లు డెంట్లలాగే ఉన్నాయి. 2020 జనవరిలో ఫ్లోరిడాలో వేలం వేస్తే 37 లక్షల డాలర్లు దాటింది. మెరిసేలా రీపెయింట్ చేయించి ఉంటే అందులో ఎంత వచ్చేదో అనుమానమే. అక్కడ అమ్ముడైంది ఆ వెలిసిన పచ్చే.

రెండోది దీనికి పూర్తిగా తలకిందులు. 1967 ఫెరారీ 275 జీటీబీ/4. మెక్వీన్‌కి కంపెనీ ఇచ్చినది గోధుమ ఛాయలో ఉండే నోచోలా రంగు. ఆయన దాన్ని తీసుకెళ్లి లీ బ్రౌన్ అనే పనివాడి చేత కియాంటి ద్రాక్షసారా ఎరుపు కొట్టించాడు. తర్వాతెప్పుడో ఇంకో యజమాని దాని పైకప్పు కోసేసి ఓపెన్ టాప్ చేశాడు. ఆ తర్వాత కారు ఇటలీలోని ఫెరారీ వర్క్‌షాపుకి చేరింది. కప్పు మళ్లీ పెట్టారు. రంగు? కంపెనీ ఇచ్చిన గోధుమ ఛాయ కాదు, మెక్వీన్ కొట్టించిన ఎరుపే వేశారు. 2014లో అది కోటి డాలర్లు దాటి పలికింది. కంపెనీయే తన రంగుని పక్కన పెట్టి, కొన్నవాడి రంగుకు దండం పెట్టిందన్నమాట.

వీటి రెండిటికంటే నాకు గాయని జానిస్ జాప్లిన్ పోర్షే ఎక్కువ ఇష్టం. 1964 నాటి 356 ఓపెన్ టాప్. 1968లో సెకండ్ హ్యాండ్‌లో 3,500 డాలర్లకు కొనుక్కుంది. తన బృందంలో సామాన్లు మోసే డేవ్ రిచర్డ్స్‌కి 500 డాలర్లిచ్చి నీ ఇష్టమొచ్చినట్టు వేయమంది. అతను బండి చుట్టూ సీతాకోకచిలుకలు, పుట్టగొడుగులు, కన్ను, కాలిఫోర్నియా కొండలు, జానిస్ బృందం బొమ్మలు వేసేశాడు. మరుసటేడు ఎవడో దొంగ ఎత్తుకెళ్లి, గుర్తుపట్టకుండా పైన బూడిద రంగు స్ప్రే కొట్టాడు. పోలీసులకు బండి దొరికింది. రిచర్డ్స్ బొమ్మల మీద క్లియర్ కోట్ వేసి ఉంచాడు కాబట్టి దొంగ రంగుని గీకేస్తే బొమ్మలు మళ్లీ బయటికొచ్చాయి.

1970లో జానిస్ చనిపోయింది. కారు చేతులు మారి చివరికి తమ్ముడు, చెల్లెలి దగ్గరికి వచ్చింది. బొమ్మలు పెచ్చులూడుతుంటే వాళ్లు కారుని పూర్తిగా బాగుచేయించి, కంపెనీ నుంచి వచ్చినప్పటి బూడిద రంగే వేయించారు. నియమం ప్రకారం అదే సరైన పని. కానీ అందులో అక్క లేదు. 1990లలో వాళ్లే మళ్లీ డెన్వర్ నాటకశాల కళాకారుల చేత పాత ఫోటోలు చూసి ప్రతి పుట్టగొడుగునూ, ప్రతి సీతాకోకచిలుకనూ తిరిగి వేయించారు. క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఇరవై ఏళ్లు ప్రదర్శనకు ఉన్నాక, 2015 డిసెంబర్‌లో న్యూయార్క్ వేలంలో 17.6 లక్షల డాలర్లు పలికింది. ఆరు లక్షలు దాటదనుకున్నది. అంత డబ్బు పెట్టినవాడు కొన్నది రిచర్డ్స్ గీసిన గీతలు కాదు, వాటి నకలు. అయినా ఎవరూ బేరమాడలేదు.

మనం మెక్వీన్‌లం కాదు కదా!

నిజమే. మన కారుని ఎవరూ కోటి డాలర్లకు పాడరు. కాబట్టి నా తీర్పు సాదాసీదాగా ఉంటుంది. కంపెనీ ఇచ్చిన రంగు అరుదైనదైతే, ముఖ్యంగా పోర్షేలాంటి కంపెనీ విడిగా ఆర్డరు మీద కలిపిచ్చిన రంగైతే, పెయింట్ గన్ దగ్గరికి రానివ్వకండి. అందరి దగ్గరా ఉండే తెలుపో, ఎరుపో, సిల్వరో అయితే షీటు చుట్టించండి. అడుగున ఫ్యాక్టరీ పూత భద్రంగా ఉంటుంది, నాలుగేళ్లు ఎండా దుమ్మూ దాని బదులు షీటే తింటుంది. విసుగొస్తే పీకేయొచ్చు. పెయింట్ మార్చడం అన్నది కారు ఇక అమ్మను, పిల్లలకిచ్చిపోతాను అనుకునేవాడు చేయాల్సిన పని. లేదా పాత పెయింటు ఎటూ పోయి, మళ్లీ కొట్టించక తప్పనివాడు.

మెరుపు లేని మ్యాట్ రంగు కంపెనీ నుంచే వచ్చిన కార్లది మరో గోల. గీత పడితే పాలిష్ చేయలేరు, చేస్తే ఆ చోట మెరిసి మచ్చలా ఉండిపోతుంది. తలుపు తలుపంతా మళ్లీ కొట్టాలి. మ్యాట్ మోజుంటే షీటు రూపంలోనే తీర్చుకోవడం తెలివైన పని.

అమెరికాలో మనవాళ్లు ఈ లెక్క ముందే తేల్చేశారు. టెస్లాకి కంపెనీ ఇచ్చే రంగులు కొన్నే. 2023 మార్చిలో న్యూజెర్సీ పార్కులో 'నాటు నాటు'కి లైట్లు ఆర్పి వెలిగించిన టెస్లాల వీడియో గుర్తుందిగా. అన్ని కార్ల మధ్య మనదేదో వెతుక్కోవాలంటే కష్టమే! అదే ఏడాది చివర్లో టెస్లా కంపెనీయే తన సర్వీసు సెంటర్లు కొన్నిటిలో రంగు షీట్లు చుట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో ధర ఏడున్నర వేల డాలర్ల దగ్గర మొదలయ్యేది. అంత పెట్టలేనివాళ్లు బయట చేయించుకుంటున్నారు.

నిర్ణయం తేలకపోతే ఒక దారుంది. బండంతా ఒప్పుకోకుండా పక్క అద్దాల తొడుగులకూ, డిక్కీకీ మాత్రం షీటు వేయించి పదిహేను రోజులు తిరగండి. పొద్దుటి ఎండలో, సోడియం లైట్ల కింద, వానలో, ఆఫీసు సెల్లార్‌లో చూసుకోండి. ట్యూబ్‌లైటు కింద ఎంచిన రంగుతో ఐదేళ్లు కాపురం చేయలేరు.

చేయిద్దామనుకున్నాక ముహూర్తం కూడా చూసుకోవాలి. పంచాంగంలో కాదు, వాతావరణంలో. మే నెలలో రేకుల షెడ్డులో షీటు పట్టుకుంటేనే సాగిపోతుంది. వానాకాలం తేమకు జిగురు సరిగా పట్టదు. ఏసీ గది ఉన్న చోట ఎప్పుడైనా పర్వాలేదు. అంటించిన వారం దాకా కడగకూడదు. పిట్ట రెట్ట పడితే సాయంత్రం దాకా ఉంచకుండా తుడిచేయాలి. ఇక దసరా వచ్చిందంటే షెడ్డువాళ్లకు ఫోన్లే ఫోన్లు. ఆయుధ పూజకి బానెట్ నిండా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన నీళ్లు చల్లిన తెల్ల మ్యాట్ షీటు ఎలా అవుతుందో చెప్పాలా! పసుపు మరక ఒకపట్టాన వదలదు. పంతులుగారితో ముందే మాట్లాడుకుని బొట్టు ముందద్దం మీద పెట్టించండి, నిమ్మకాయలు ఎలాగూ టైర్ల కిందే కదా.